క్లెయిమ్ లేని కాలనీ

పద్దుల కాలనీలో ఎవరో దొంగచాటుగా ఆపరేషన్ చేయించుకున్నారన్న సంగతి ఆదివారం ఉదయం, అందరూ పెసరట్టు తింటుండగా బయటపడింది.

బయటపెట్టింది అభయ కవచం బీమా కంపెనీ వారి కాకినాడ బ్రాంచి మేనేజరు. పేరు హిమబిందు. ముప్ఫై దాటని అమ్మాయి. పూలగుత్తి ఒక చేత్తో, కాజాల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని సంఘం హాల్లోకి వచ్చింది. అధ్యక్షుడు పిండిప్రోలు దక్షిణామూర్తి గారికి నమస్కారం పెట్టి, మైకు అడిగి మరీ అభినందించింది. ఇంతమంది పెద్దవాళ్ళు ఉన్న కాలనీలో ఇంత తక్కువ క్లెయిములు తమ కంపెనీ ఎక్కడా చూడలేదట. ఇన్నాళ్ళకూ కలిపి ఒక్కటంటే ఒక్కటి వచ్చిందట. అదీ పోయిన నెలలో, ఏదో ఆపరేషన్‌కట. ఆసుపత్రి నుంచి అడిగిన పూటే మంజూరు చేసేశారట.

హాల్లో నమలడం ఆగిపోయింది.

"ఒక్కటా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"ఒక్కటేనండి," అంది హిమబిందు సంతోషంగా.

"ఉండవలసినది సున్నా."

ఆ అమ్మాయి అది హాస్యమనుకుని నవ్వింది. తనతో పాటు ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేసింది. ఆ క్లెయిము ఎవరిదని కోశాధికారి కర్రి వీర్రాజు అడిగాడు. పాలసీదారుల వివరాలు చెప్పకూడదని తమకు రూలుందని ఆమె మర్యాదగా చెప్పింది. రూలు అన్న మాట వినబడ్డాక దక్షిణామూర్తి గారు ఇక నోరెత్తలేకపోయారు. ఆయన జీవితంలో ఎవరితోనైనా పోట్లాడారు గాని రూలుతో పోట్లాడలేదు.

ఆమె వెళ్ళిపోయింది. కాజాల డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. కాలనీలో పంచదార నిషేధం.

ఒక ఆపరేషన్ జరిగితే ఇంత గగ్గోలు దేనికన్నది తెలియాలంటే పద్దుల తనిఖీ శాఖ గురించి కొంత చెప్పుకోవాలి. ఆ శాఖ ఇప్పుడు లేదు, దేనిలోనో కలిపేశారు. ఉన్నన్నాళ్ళూ దాని పని ఒక్కటే. మిగిలిన శాఖలు పంపిన బిల్లులకు అభ్యంతరాలు రాసి వెనక్కి పంపడం. ఒక బిల్లు మొదటిసారికే పాసయిందంటే, అనుమానం బిల్లు మీద కాదు, పాస్ చేసిన మనిషి మీద వచ్చేది. మూడు అభ్యంతరాలు రాసినవాడు మామూలు ఉద్యోగి. ఏడు రాసినవాడు సమర్థుడు. దక్షిణామూర్తి గారు ఒకసారి తన సొంత జీతం బిల్లుకే అభ్యంతరం రాసుకుని, దానికి తాను ఇచ్చుకున్న జవాబు తనకే తృప్తిగా లేక, రెండు నెలలు జీతం లేకుండా పనిచేశారని చెప్పుకుంటారు. ఆ ఏడే ఆయనకు ప్రమోషన్ వచ్చింది.

అలాంటివాళ్ళంతా రిటైరై, పిఠాపురం రోడ్డులో స్థలం కొని, మూడంతస్తుల బ్లాకులు కట్టుకుని ఒకేచోట చేరారు. ఒక సంక్షేమ సంఘం పెట్టుకున్నారు. సంఘానికి నిధి ఉంది. నిధి బ్యాంకులో ఉంది. బ్యాంకు ఇచ్చే వడ్డీ ఏటేటా తరిగిపోతోంది.

అప్పుడు కర్రి వీర్రాజు లేచాడు. రిటైరయ్యాక అతడు షేర్ల ఛానెల్ చూడడం మరిగాడు. అందులో కింద పరుగెత్తే అంకెల కోసం పెద్ద టీవీ కొన్నాడు.

"షేరు ధరతో మనకేం పనండి?" అన్నాడు సర్వసభ్య సమావేశంలో. "పెరిగినా తగ్గినా మనం అమ్మేది లేదు. డివిడెండు ఎంతిత్తన్నాడన్నదే మనకి కావాలి. బ్యాంకోడు ఆరు ఇత్తన్నాడు. అభయ కవచం పదిత్తంది. పైగా బీమా వ్యాపారం. వానలు పడకపోతే పంట పోద్ది గాని, భయం ఎక్కడికి పోద్దండి? మనిషున్నంతకాలం భయపడతానే ఉంటాడు, ప్రీమియం కడతానే ఉంటాడు."

శాతం అంత ఎక్కువగా కనబడడానికి కారణం షేరు ధర సగానికి పడిపోవడం. ఎందుకు పడిపోయిందని ఎవరూ అడగలేదు. సైకిల్ స్టాండు రసీదు మీద కూడా అభ్యంతరం రాయగల ఆ సభ్యులందరూ నిధి మొత్తాన్ని ఒకే కంపెనీ షేర్లలో పెట్టే తీర్మానాన్ని చప్పట్లతో ఆమోదించారు. అది బిల్లు కాదు కదా.

మొదటి డివిడెండు వచ్చింది. దానితో ఏం చేయాలని చర్చ జరిగి, రోజూ పొద్దున్న సభ్యులందరికీ సంఘం హాల్లో ఉచితంగా టిఫిన్ పెట్టాలని తేలింది. ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి, కాఫీ. దానికి డివిడెండు టిఫిన్ అని పేరు స్థిరపడింది. ఇంట్లో అంతకంటే మంచి పెసరట్టు వేసుకోగలవాళ్ళు కూడా తెల్లవారగానే స్నానం చేసి వచ్చి వరుసలో నిలబడేవారు. జీవితమంతా పక్కవాడి బిల్లు చూసి బతికిన మనుషులకు తమ కోసం ఎవరో బిల్లు కట్టడం అదే మొదటిసారి.

ఆ ఉత్సాహంలో కాలనీ అంతా అభయ కవచంలోనే ఆరోగ్య పాలసీలు తీసుకుంది. మన ప్రీమియం మన కంపెనీకి, కంపెనీ లాభం మళ్ళీ మనకే అని వీర్రాజు బోర్డు మీద సుద్దముక్కతో గుండ్రంగా బాణాలు గీసి చూపించాడు. బాణాలు ఎక్కడా తెగకుండా తిరిగాయి.

రెండో ఏడు డివిడెండు కాస్త తగ్గింది. అల్లం పచ్చడి ఆగిపోయింది.

పచ్చడి ఆగిన రోజు సమావేశానికి రానివాడు లేడు. క్లెయిములు పెరగడం వల్ల లాభం తగ్గిందని కంపెనీ చైర్మన్ తన ఉపన్యాసంలో అన్నాడని వీర్రాజు గద్గద స్వరంతో చెప్పాడు. ఎవడో ఎక్కడో హాయిగా ఆసుపత్రిలో పడుకుంటే ఇక్కడ తమ పచ్చడి పోయిందన్న సంగతి సభ్యులకు మెల్లగా అర్థమైంది. దక్షిణామూర్తి గారు లేచి, క్లెయిమ్ అనేది బిల్లు కాక మరేమిటని అడిగారు. చాలాకాలం తరువాత ఆ హాల్లో అందరి కళ్ళూ మెరిశాయి.

అలా పుట్టింది క్లెయిముల నివారణ ఉపసంఘం. దాని కన్వీనరు మోకా రత్నరాజు. శాఖలో విజిలెన్స్ విభాగంలో పనిచేసి, లంచం మాట అటుంచి ఎవరి దగ్గరా టీ కూడా తాగకుండా రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, నిక్కమైన మాట, నవ్వని మొహం.

మొదట ప్రమాదాల మీద పడ్డారు. స్కూటర్ల తాళాలు సంఘం బీరువాలోకి వెళ్ళాయి. మెట్లు దిగేవాళ్ళ రెండు చేతులూ ఖాళీగా ఉండాలన్నారు. చేతిలో సంచి ఉంటే దాన్ని తాడుతో బాల్కనీ నుంచి కిందికి దించి, తరువాత మనిషి దిగాలి. స్నానాల గదుల్లో జారకుండా గోనెపట్టాలు పరిపించారు. వేసవిలో మామిడిపండు మనిషికి ఒక చెక్క చొప్పున, అదీ ఉపసంఘం సభ్యుడి సమక్షంలో.

గోనెపట్టా అంచు కాలికి తగిలి గన్నవరపు లక్ష్మీపతి అనే మాజీ సీనియర్ ఆడిటర్ మణికట్టు విరిగింది. అతడు క్లెయిమ్ పెడతానన్నాడు. కంపెనీ డబ్బు తాకవద్దని బతిమాలి, ఆ ఆసుపత్రి ఖర్చంతా సంఘమే డివిడెండు డబ్బులోంచి కట్టింది. దానివల్ల కొన్నాళ్ళు టిఫిన్ మూతబడింది. అయినా ఒక్క రూపాయి క్లెయిమ్ కంపెనీ మీద పడకుండా కాపాడగలిగామని వీర్రాజు లెక్క చెప్పాడు. కాలనీ కంపెనీకి ప్రీమియం కడుతుంది, కంపెనీ కాలనీకి డివిడెండు ఇస్తుంది, కాలనీ ఆ డివిడెండుతో తన రోగాలకు తనే కట్టుకుంటుంది. ఈ ఏర్పాటుకు దక్షిణామూర్తి గారు స్వావలంబన అని పేరు పెట్టారు.

అయితే ప్రతి చేతికీ సంఘం కట్టుకుంటూ పోతే పెసరట్టు మిగలదు. కనుక అప్పటినుంచి ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు ఉపసంఘానికి దరఖాస్తు చేసుకోవాలని, ఉపసంఘం పరిశీలించి జబ్బును మంజూరు చేస్తేనే ఆసుపత్రికి వెళ్ళాలని తీర్మానించారు. కాదని వెళ్తే సభ్యత్వం రద్దు, టిఫిన్ రద్దు. ఆ తీర్మానం తరువాత మంజూరైన జబ్బు ఒక్కటీ లేదు.

మొదటి దరఖాస్తుల్లోనే రత్నరాజు భార్య కరుణమ్మది ఉంది.

ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు. ముందు బస్సు మీద ఊరిపేరు పోయింది. తరువాత బియ్యంలో రాయి పోయింది. ఆ తరువాత ఎదురుగా ఉన్నది మనిషో, తలుపుకు తగిలించిన చొక్కానో తెలియడం మానేసింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. మెట్ల మీద కాలు వేసే ముందు గోడను తడిమేది. చిన్న ఆపరేషన్, పొద్దున్న వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయవచ్చు, ఆలస్యం చేస్తే పొర గట్టిపడి చూపు మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేం అని డాక్టరు చెప్పాడు.

సొంత భార్య దరఖాస్తు వచ్చినప్పుడు రత్నరాజు నిజాయితీగా కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు, తనవాళ్ళని చూసి మొహమాటపడవద్దని, ఇంకాస్త గట్టిగానే చూడమని ఉపసంఘాన్ని కోరాడు. వాళ్ళు కోరిక మన్నించారు. అభ్యంతరాల కాగితం ఆయనే ఇంటికి తెచ్చి, ఆమె చదవలేదు కనుక, మంచం పక్కన కుర్చీ వేసుకుని పైకి చదివి వినిపించాడు.

"సదరు కన్ను పూర్తిగా పనిచేయుట లేదా, లేక పాక్షికముగా పనిచేయుచున్నదా స్పష్టపరచలేదు. పాక్షికమైనచో, పనిచేయు భాగమును పూర్తిగా వినియోగించుకొనకుండానే ఆపరేషన్ కోరుటకు గల కారణములు చూపలేదు. ఒకే దృశ్యమును చూచుటకు రెండు కళ్ళ ఆవశ్యకత నిరూపించలేదు."

"ఇంకా ఉందా?" అంది కరుణమ్మ.

"ఉంది. మూడో పేజీ."

"చదవండి. నాకు వేరే పనేం కనబడుతుంది గనక."

జవాబు ఆమె చెబితే ఆయన రాశాడు. జవాబు మీద కొత్త అభ్యంతరాలు వచ్చాయి. అలా ఏడాది గడిచింది. ఆమె చూపు ఇంకా మసకబారింది. ఉపసంఘం ఏమీ చేయలేదనడానికి లేదు. ఆమె దిగే మెట్ల అంచులకు తెల్లరంగు కొట్టించింది. వంటింటి నుంచి స్నానాలగది దాకా తాడు కట్టించింది. వెలుతురుకు కళ్ళు చెదురుతున్నాయంటే నల్లకళ్ళద్దాలు ఇప్పించింది. చివరికి, చూపు అనే సేవను సభ్యుల ద్వారా సమకూర్చవచ్చునని తీర్మానించి, రోజుకొకరు చొప్పున వంతులు వేసింది. వంతు వచ్చిన సభ్యుడు పొద్దున్నే వచ్చి కరుణమ్మ పక్కన కూర్చుని, ఆమె తరఫున చూసి చెప్పేవాడు.

దక్షిణామూర్తి గారి వంతు వచ్చిన రోజు ఆయన సంఘం సర్క్యులర్లు చదివేవారు. వీర్రాజు షేరు ధరలు చెప్పేవాడు. లక్ష్మీపతి తన మణికట్టు ఎంత వంకరగా అతుక్కుందో వర్ణించేవాడు. ఒక్క సలాది పుల్లయ్య వంతు కోసమే ఆమె ఎదురుచూసేది. పుల్లయ్య శాఖలో ఆఫీసరు గది ముందు డఫేదారుగా చేశాడు. భార్య పోయింది, ఒంటరి. టిఫినే అతడికి పొద్దున్నా మధ్యాహ్నమూ కలిపి భోజనం. మోకాలి నొప్పికి పట్టుకునే కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని, ఎవరింటి ముందు ముగ్గు ఎలా వంకరపోయిందో, ఎవరు ఎవరితో మాట్లాడకుండా మొహం తిప్పుకుని పోయారో అన్నీ చెప్పేవాడు. ఆమె పడిపడి నవ్వేది.

ఈలోగా వీర్రాజుకు ఇంకో సంగతి తట్టింది. తమ కాలనీ ఒక్కటీ క్లెయిములు మానేస్తే చాలదు. మిగతా దేశం పెడుతూనే ఉంది. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలని, దక్షిణామూర్తి గారూ వీర్రాజూ రత్నరాజూ మూడు రోజులకని వైజాగ్ వెళ్ళారు. ఒక పెద్ద ఆసుపత్రిలో బీమా కౌంటరు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. అభయ కవచం కార్డు తీసిన ప్రతి మనిషినీ పక్కకు పిలిచి, ఈ జబ్బు నిజంగా అవసరమా అని నచ్చజెప్పారు. గుండెనొప్పితో వచ్చిన ఒకాయనను, నొప్పి ఎడమవైపు ఎందుకు వచ్చిందో కారణం రాసిమ్మన్నారు. మొదటి రోజు సెక్యూరిటీ వాళ్ళు నవ్వారు. రెండో రోజు బయటికి నెట్టారు. మూడో రోజు ముగ్గురూ గేటు బయట నిలబడి కరపత్రాలు పంచి, విజయవంతంగా తిరిగొచ్చారు.

వచ్చిన తరువాత నెల తిరగకుండానే హిమబిందు పూలగుత్తి పట్టుకుని వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నానికల్లా రత్నరాజును విచారణాధికారిగా నియమించారు. కేసు చిన్నది కాదు. కాలనీలో ఎవరో ఒకరు జబ్బు నయం చేసుకున్నారు. ఎవరన్నది తెలియదు. జబ్బేమిటో తెలియదు. ఆనవాలు ఒక్కటే. నిన్నటి కన్నా ఇవాళ బాగున్న మనిషి ఎవరో పట్టుకోవాలి.

రత్నరాజు తన పద్ధతిలో వెళ్ళాడు. తెల్లవారుజామున పార్కు గేటు దగ్గర నిలబడి, ఎవరు ఎంత చురుగ్గా నడుస్తున్నారో చూశాడు. గుమ్మాల్లో నిలబడి అటునుంచి దగ్గు వినబడుతోందో లేదో విన్నాడు. ఎప్పుడూ ఆయాసపడే సూర్యకాంతం గారు ఒకరోజు రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కేసరికి ఆమెకు సంజాయిషీ నోటీసు వెళ్ళింది. లక్ష్మీపతి వంకర చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాడని, అది మునుపటి కన్నా కాస్త పైకి లేచిందని, అతణ్ణి రెండు గంటలు కూర్చోబెట్టారు.

ఈ వార్త పాకాక కాలనీ తీరు మారిపోయింది. కులాసాగా ఉన్నవాళ్ళు బయటికి రావడం మానేశారు. వచ్చినవాళ్ళు కుంటుతూ వచ్చారు. ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే, బాగున్నాననే ధైర్యం ఎవరికీ లేదు. నడుము పట్టేసిందండి, నిద్ర లేదండి, రేపో మాపో అన్నట్టుందండి అని గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పుకునేవారు. జబ్బుపడకూడదన్న కాలనీలో ఇప్పుడు బాగుపడకూడదన్నది కొత్త రూలు. దాన్ని ఎవరూ తీర్మానించలేదు, అయినా పాత రూళ్ళన్నిటికన్నా శ్రద్ధగా పాటించారు.

రత్నరాజు ప్రతి ఇల్లూ చూశాడు, తన ఇల్లు తప్ప. విచారణాధికారి ఇల్లు విచారణ పరిధిలోకి రాదన్నది శాఖలో పాత ఆనవాయితీ. ఆయన పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. కరుణమ్మ నల్లకళ్ళద్దాలతో ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేది. ఆయన ఆ రోజు దొరికిన అనుమానితుల గురించి చెబుతూ, కంచంలోకి చూస్తూ తినేవాడు.

చివరికి దొరికినవాడు సలాది పుల్లయ్య. కర్ర లేకుండా నడుస్తున్నాడు.

సర్వసభ్య సమావేశం పెట్టారు. హాలంతా మూలుగులు. కుంటుకుంటూ వచ్చినవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని కూర్చున్నారు. కరుణమ్మను కూడా సూర్యకాంతం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. దక్షిణామూర్తి గారు లేచి, కళ్ళజోడు సవరించుకుని అభియోగం చదివారు.

"సదరు సలాది పుల్లయ్య, మాజీ డఫేదారు, గత కొంతకాలముగా చేతికర్ర లేకుండా, నిటారుగా, ఉద్దేశపూర్వకముగా నడుచుచున్నట్లు విచారణలో రుజువైనది. సంఘమునకు తెలియపరచకుండా మోకాలును బాగుచేయించుకొనుట ద్వారా డివిడెండుకు నష్టము కలిగించినట్లు భావించవలసి వచ్చుచున్నది. సభ్యత్వము మరియు టిఫిన్ తక్షణమే ఎందుకు రద్దు చేయరాదో తెలుపవలెను."

పుల్లయ్య లేచి నిలబడ్డాడు. నిలబడడానికి ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. అది ఎవరూ గమనించలేదు.

"కర్రేదయ్యా?" అని రత్నరాజు అడిగాడు.

"పోయిందండి."

"ఎక్కడ?"

"ఆటోలో మర్చిపోయానండి."

"ఆటోలో ఎక్కడికెళ్ళావు?"

కొత్త కర్రకు పింఛనులో డబ్బు మిగలలేదని మాత్రం చెప్పాడు పుల్లయ్య. ఆటో ఎక్కడికి వెళ్ళిందో చెప్పమని దక్షిణామూర్తి గారు అడిగారు. వీర్రాజు అడిగాడు. వెనక వరుసవాళ్ళు కూడా అడిగారు. ఇక చెప్పడని తేలాక దక్షిణామూర్తి గారు రద్దుకు అనుకూలంగా ఉన్నవారిని చేతులెత్తమన్నారు. ఎత్తగలిగిన చేతులు కూడా నొప్పి పుడుతున్నట్టు మెల్లగా లేవడం మొదలైంది.

"దించండి," అంది కరుణమ్మ.

ఆమె లేచింది. సూర్యకాంతం పట్టుకోబోతే చెయ్యి విడిపించుకుంది. కుర్చీల మధ్యనుంచి, ఏదీ తడమకుండా, నేరుగా వేదిక దగ్గరికి నడిచి వెళ్ళి, భర్త ఎదుట నిలబడి నల్లకళ్ళద్దాలు తీసింది. రత్నరాజు చేతిలో కలం అలాగే ఆగిపోయింది.

"రాసుకోండి. ఆ ఆపరేషన్ నాది. మీరు ముగ్గురూ వైజాగ్ వెళ్ళిన రెండో రోజు చేయించుకున్నాను. పుల్లయ్య అన్నయ్య గారు తోడొచ్చారు. నన్ను దించే హడావుడిలో కర్ర ఆటోలో మర్చిపోయారు. అప్పట్నుంచి గోడలు పట్టుకుని నడుస్తున్నారు. మీ విచారణలో గోడ కనబడలేదేమో మరి. ఆయన చేసింది అంతే.

"ఆసుపత్రిలో కార్డిచ్చాను. కంపెనీవాళ్ళు ఒక్క ప్రశ్న వేశారండి, ఏ కన్ను అని. ఎడమది అన్నాను. సరే అన్నారు. అంతే. నేనింకా అక్కడే నిలబడ్డాను, ఇంకేవో అడుగుతారు కాబోలని. కౌంటరులో పిల్ల, వెళ్ళి కూర్చోండమ్మా, పిలుస్తాం అంది. ఈ కాలనీలో ఇన్నాళ్ళూ నాకు సరే అన్నవాళ్ళు లేరు.

"కట్టు విప్పాక ఇంటికొచ్చి అన్నీ చూసుకున్నాను. ముందు టిఫిన్ చూశాను. అరచేయంత పెసరట్టు. తడుముకుని తిన్నన్నాళ్ళూ ఏదో పెద్దదే అనుకున్నాను. నా తరఫున చూసినవాళ్ళు కూడా అలాగే చెప్పారు. తరువాత మీరొచ్చారు. మీ మొహం చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి, మెడ దగ్గర ఎముకలు బయటికొచ్చాయి. ఇన్నాళ్ళూ రోజుకో మనిషి వచ్చి నాకు ప్రపంచమంతా చెప్పాడు, మీ ఆయన చిక్కిపోతున్నాడమ్మా అని ఒక్కడు చెప్పలేదు. నెల్లాళ్ళుగా ఎదురుగా కూర్చుని మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. మీరే చూడలేదు. బాగుపడిన మనిషి కోసం కాలనీ అంతా తిరుగుతున్నారు కదా, తీరిక లేదు.

"తప్పు చేశానని నాకనిపించడం లేదు, అదీ రాయండి. పచ్చడి వెనకే ఆ పెసరట్టు కూడా నా వల్ల పోతే పోనీయండి. కుడి కన్ను బుధవారం పొద్దున్న. ఈసారి తోడు మీరు రండి. సంఘానికి అభ్యంతరాలేమైనా ఉంటే కాగితం మీద పెట్టి ఇవ్వండి, గురువారం నేనే చదువుకుంటాను."